సమ్మిక్రాన్ లెన్సు కొనబోయేవారికి హెచ్చరిక: టార్చి వేసిన ఫోటో ఇవ్వని చోట డబ్బు పంపకండి

ఎవరి గురించి రాస్తున్నానో పాత కెమెరాలు, లెన్సులు కొనేవాళ్లకు రెండో వాక్యానికే తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో ఉంటారు, ప్రతి ప్రకటన చివర "మాట అంటే మాటే" అని రాసుకుంటారు. ఆ పెద్దమనిషే. పేరు పెట్టడం లేదు. మర్యాద కోసం కాదు, రేపు నోటీసు పంపితే తిరిగే ఓపిక నాకు లేక.

సంగతి ఇది. లైకా కంపెనీ 50 మి.మీ. ఎఫ్/2 సమ్మిక్రాన్ లెన్సు, గొట్టాన్ని లోపలికి తోస్తే ఒదిగిపోయే పాత రకం, ఎం మౌంటుది, అంటే లైకా ఎం రకం కెమెరాలకు బిగించేది. ధర 48,000 రూపాయలు. మొత్తం ముందే పంపాను. అవును, మొత్తం. నవ్వదలచుకున్నవాళ్లు ఇక్కడే నవ్వేసి ముందుకు సాగండి.

ఈ లెన్సు ఎలాంటిదో తెలియక కొన్నది కాదు. 1953లో వచ్చిన డిజైను. ఏడు గాజులు, 39 మి.మీ. ఫిల్టరు, మీటరు కంటే దగ్గరగా ఫోకస్ కాదు. పూర్తిగా తెరిచిన ఎఫ్/2 దగ్గర బొమ్మ కాస్త మెత్తగా ఉండి, కొంత మూసిన ఎఫ్/5.6కి వచ్చేసరికి నేటి లెన్సుల పక్కన నిలబడగలిగేంత పదునుగా ఉంటుంది. లైకా కెమెరాకు తగిలించి గొట్టం లోపలికి తోసేస్తే మొత్తం మామూలు చేతిసంచిలో పట్టేస్తుంది. దాని జబ్బులూ తెలుసు. ఆ రోజుల్లో ముందు గాజు మీద వేసిన పూత మెత్తనిది, డెబ్బై ఏళ్లుగా ఎవరెవరో చొక్కా అంచుతో తుడిచి ఉంటారు కాబట్టి సన్న గీతలు ఉంటాయి. వాటితో పెద్ద చిక్కు లేదు. అసలు చిక్కు లోపల. గ్రీజు ఏళ్ల తరబడి ఆవిరై, వెలుతురును పెంచే తగ్గించే అపెర్చర్ రేకులకు అటూ ఇటూ ఉన్న గాజుల మీద పొరలా పేరుకుంటుంది. తొందరగా శుభ్రం చేయిస్తే పోతుంది. చాలాకాలం అలాగే వదిలేస్తే పూతను, ఆ తర్వాత గాజును తినేస్తుంది, ఇక దేనికీ పోదు.

ఇదంతా తెలిసే అడిగాను: "అపెర్చర్ ఎఫ్/2 దగ్గర పూర్తిగా తెరిచి, వెనుక నుంచి టార్చి వేసి ఒక్క ఫోటో తీసి పంపండి" అని. జవాబుగా కిటికీ పక్కన నల్ల మఖమలు మీద పెట్టి తీసిన ఫోటోలు వచ్చాయి. ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి. క్రోమ్ ధగధగలాడుతోంది. రేకులు మాత్రం ప్రతి ఫోటోలోనూ సగానికి పైగా మూసి ఉన్నాయి. రేకులు మూస్తే మధ్యలో మిగిలేది చిన్న రంధ్రం, దాని వెనుక ఏమున్నా కనబడదు. మళ్లీ అడిగితే ఫోను చేశారు. "టార్చి వేస్తే ఏ లెన్సులోనైనా దుమ్ము కనబడుతుందమ్మా. నువ్వు ఫోటోలు తీస్తావా, టార్చి పట్టుకుని కూర్చుంటావా?" అన్నారు. హాస్యం అనుకుని నేనూ నవ్వాను. ఎంత చక్కటి ఖాతాదారునో చూడండి.

పార్సిల్ విశాఖకు చేరింది. ప్యాకింగుకు వంక పెట్టలేను, అంత శ్రద్ధ లెన్సు లోపల పెట్టి ఉంటే ఈ రాత మొదలయ్యేదే కాదు. గొట్టం బయటికి లాగి తిప్పితే గట్టిగా బిగుసుకుంది, ఊగడం లేదు. అపెర్చర్ రింగు ప్రతి అంకె దగ్గరా టిక్కుమంటోంది. ఫోకస్ రింగు సాఫీగా తిరుగుతోంది. గదిలో దీపం ఆర్పి, వెనుక మూత తీసి, ఫోను టార్చి వేసి ముందు నుంచి చూశాను. పాలు తాగాక నీళ్లతో ఒకసారి ఊరికే తొలిచి వదిలేసిన గాజు గ్లాసు ఎలా ఉంటుందో, సరిగ్గా అలా ఉంది. మధ్యలో గుండ్రంగా తెల్లటి పొర, అంచుల దగ్గర మాత్రం ఒక సన్నని వలయం మేర శుభ్రంగా ఉంది. ఎవరో తుడవబోయి మధ్యలో మానేసినట్టు. అనుమానం వచ్చి వెనుక గాజును పట్టి ఉంచే రింగు చూస్తే, దాన్ని స్పానరుతో విప్పడానికి ఉండే గాడుల్లో నల్లరంగు లేచిపోయి ఇత్తడి బయటపడింది. స్పానరు జారితే పడే గీతలు అవి. అంటే విప్పి చూశారు, పొర పోలేదు, మళ్లీ బిగించారు. ఆ తర్వాతే "గాజు కొత్తదానిలా ఉంది" అని ప్రకటన రాశారు.

ఫోను చేశాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. "అది థోరియం గాజమ్మా, ఆ కాలం లెన్సులకు రంగు అలాగే ఉంటుంది" అన్నారు. ఈ మాట మీకూ చెబుతారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. సమ్మిక్రాన్ తొలి విడతల్లో థోరియం కలిపిన గాజు వాడిన మాట నిజం. ఆ గాజు కాలక్రమంలో పచ్చగా, తేనెరంగులోకి మారుతుంది. కానీ ఆ రంగు గాజంతా సమానంగా ఉంటుంది. తెల్ల కాగితం మీద పెడితే తెలుస్తుంది, ఎండలో కొన్నాళ్లు ఉంచితే తగ్గుతుంది కూడా. పాలలా తెల్లగా, టార్చి వెలుగులో చెదిరి మెరిసేది థోరియం కాదు. పైగా నా లెన్సు మీది సీరియల్ సంఖ్య 13 లక్షల పైన ఉంది, అంటే 1955 నాటిది. థోరియం విడతలు అప్పటికే అయిపోయాయి. ఇదంతా చెప్పాను. ఓపికగా విని, "సరే, నీకు అంత అనుమానంగా ఉంటే ఒక ఫిల్ము రోలు తీసి చూసుకో. ఫోటోలో కనబడితే అప్పుడు మాట్లాడదాం" అన్నారు. ఎంత న్యాయంగా వినిపించిందో!

ఆ మాటలోని తెలివి అర్థం కావాలంటే నా కెమెరా లాంటి రేంజ్‌ఫైండర్ ఎలా పనిచేస్తుందో గుర్తు చేసుకోవాలి. ఎస్‌ఎల్‌ఆర్‌లో మనం చూసేది లెన్సు గుండానే, కాబట్టి లోపల పొర ఉంటే వ్యూఫైండర్‌లోనే మసక తెలుస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. లెన్సుకు మూత తీయడం మరిచినా కిటికీలో బొమ్మ నిగనిగలాడుతూనే ఉంటుంది. నా బెస్సా కెమెరాలో చూసినంతసేపూ అంతా అద్భుతం. బండారం ఫిల్ము కడిగాకే బయటపడుతుంది. కలర్ ఫిల్ము కడిగించాలంటే నేను పక్క రాష్ట్రానికి పంపాలి. ఆ పెద్దమనిషి వాపసు గడువు రెండు రోజులు. లెక్క మీరే వేసుకోండి. ఆయన ముందే వేసుకున్నారు.

కొడాక్ గోల్డ్ 200 రోలు ఒకటి తీసుకుని తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. పడవలు వచ్చి చేపల వేలం జరిగే వేళ, కరెంటు బల్బుల కింద బుట్టలు, మనుషులు. అక్కడి నుంచి ఆర్కే బీచి, సముద్రంలోంచి లేచే సూర్యుడికి ఎదురుగా కొన్ని. స్కాన్లు వచ్చాక చూస్తే, ప్రతి బల్బు చుట్టూ బల్బుకు నాలుగింతల వెలుగు వలయం. పడవల కింద నల్లగా ఉండవలసిన నీడ బూడిదరంగులో ఉంది. సూర్యుడికి ఎదురుగా తీసిన వాటిలో ఒక్క మనిషికీ ముఖం లేదు. సూర్యుడు నా వీపు వెనుక ఉండగా డాల్ఫిన్స్ నోస్ కొండను తీసిన ఫోటో మాత్రం చక్కగా వచ్చింది. వెలుతురు వెనుక నుంచి ఉంటే ఈ జబ్బు దాదాపు కనబడదు, అందుకే "ఈ లెన్సుతో తీసిన ఫోటోలు" అంటూ అమ్మేవాళ్లు మధ్యాహ్నపు గోపురాలూ పువ్వులూ చూపిస్తారు.

స్కాన్లు పంపి మళ్లీ ఫోను చేశాను. ఇప్పుడు గొంతు మారింది. మొదట "గడువు దాటిపోయింది కదా" అన్నారు. రోలు తీయమన్నది మీరే కదా అన్నాను. "మీ విశాఖ సముద్రపు గాలికి పట్టి ఉంటుంది" అన్నారు. డెబ్బై ఏళ్లు నిలిచిన గాజు విశాఖలో దిగగానే పాడైపోయిందట, మా ఊరి గాలికి అంత మహిమ! రింగు గాడుల్లో స్పానరు గీతల సంగతి ఏమిటని అడిగాను. కాసేపు మాట లేదు. తర్వాత, చాలా నెమ్మదిగా, దాదాపు ఆప్యాయంగా అన్నారు: "చూడమ్మా, ఇవన్నీ నీకు అర్థమయ్యేవి కావు. ఇంట్లో మగవాళ్లు ఎవరైనా ఉంటే ఫోను ఇవ్వు, వాళ్లతో మాట్లాడతాను."

ఇంట్లో మగవాళ్లు ఉన్నారు. మా నాన్నకు లెన్సుకు మూత ఎటు పెట్టాలో తెలియదు, తమ్ముడు ఫోనుతో తప్ప ఫోటో తీయడు. వారికి ఇస్తే ఆయనకు హాయిగా ఉండేది.

డబ్బు పోయినందుకు కంటే ఈ మాటకు ఎక్కువ మండింది. ఏదో ఒకటి జవాబు చెప్పి పెట్టేశాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. కాసేపటి తర్వాత ఆధారంగా దాచుకుందామని ప్రకటన తెరిచాను. నేను కొన్ననాడు "గాజు కొత్తదానిలా ఉంది, బూజు లేదు, మసక లేదు" అని ఉన్న చోట "వయసుకు తగిన కొద్దిపాటి మసక ఉంది, చూసుకుని కొనగలరు" అని ఉంది. అమ్ముడైపోయిన వస్తువు ప్రకటన! మాట అంటే మాటే అనే వాక్యం మాత్రం కింద చెక్కుచెదరలేదు. కొనే ముందు తమ్ముడికి చూపించడానికి ఆ పేజీని ఫోటో తీసి పంపాను కాబట్టి పాత రాత నా దగ్గర మిగిలింది. జాగ్రత్తపడి కాదు, గొప్పలు చెప్పుకోవడానికి పంపాను.

మరమ్మతు చేసే ఆయనకు చూపించాను. పొరలో కొంత పోతుంది, మిగతాది గాజులోకి దిగింది, తుడిచినా మచ్చ ఉండిపోతుంది అన్నారు. అంటే నా దగ్గర ఉన్నది ఎండ వీపు మీద పడేటప్పుడు మాత్రమే పనిచేసే 48,000 రూపాయల లెన్సు.

"దాని బదులు జూపిటర్-8 కొనవలసింది" అని సలహా ఇచ్చే స్నేహితులకు కూడా ఒక మాట. ఆ రష్యన్ లెన్సులు చవకే, బాగుంటాయి కూడా. కానీ వాటి ఫోకస్ కొలత పాత కాంటాక్స్ కెమెరాల లెక్క ప్రకారం 52.4 మి.మీ., లైకా లెక్క 51.6 మి.మీ. ఆ తేడా వల్ల ఎఫ్/2 దగ్గర పెట్టి దగ్గరి మనిషిని తీస్తే కంటికి బదులు చెవి పదునుగా వస్తుంది. తక్కువ డబ్బుకు మరో రకం తలనొప్పి. అదే డబ్బుకు ఇంకొంచెం కలిపితే కొత్త ఫోయిగ్ట్‌లాండర్ 50 మి.మీ. ఎఫ్/2.2 లెన్సు వచ్చేది, ఇంతే చిన్నది, బిల్లుతో సహా. అది ఇప్పుడు తలచుకుని ఏం లాభం!

కొనేవాళ్లు ఇవి మాత్రం చూడండి. ఎఫ్/2 దగ్గర తెరిచి, ముందు నుంచి ఒకసారి, వెనుక నుంచి ఒకసారి టార్చి వేసిన వీడియో అడగండి, అందులో సీరియల్ సంఖ్య కూడా కనబడాలి. రింగు గాడులను దగ్గరగా తీసి పంపమనండి. ప్రకటన మొత్తాన్ని డబ్బు పంపే ముందే ఫోటో తీసి పెట్టుకోండి. లెన్సు చేతికి వచ్చాక ఫిల్ము కోసం ఆగవద్దు, ఈ లెన్సు పట్టే అడాప్టరు ఉన్న డిజిటల్ మిర్రర్‌లెస్ కెమెరా ఎవరి దగ్గరైనా ఉంటే ఆ రాత్రే వీధి దీపానికి ఎదురుగా ఎఫ్/2లో ఒక్కటి తీస్తే తేలిపోతుంది. బిల్లు లేని బేరమైతే వాపసు గడువు రాతలో ఉండాలి.

ఈ పొద్దున ఆయన ఇంకో సమ్మిక్రాన్ అమ్మకానికి పెట్టారు. అదే నల్ల మఖమలు, అదే కిటికీ. అపెర్చర్ రింగు మీద చుక్క ఏ అంకె దగ్గర ఉందో ఫోటో పెద్దది చేసి చూడండి: ఎఫ్/8.