చెగోడీల లెక్క తేల్చిన ఆదివారం క్లాసు

విశాఖలో మద్దిలపాలెం జంక్షన్ దాటి లోపలి సందులోకి వెళ్తే, ఓ జిరాక్స్ షాపు పైన రెండో అంతస్తులో జరుగుతుంది ఈ క్లాసు. పేరు రాయడం లేదు. మెచ్చుకోవడానికి ఎంతుందో తిట్టడానికీ అంతే ఉంది, పేరు పెట్టి తిట్టడం నాకు ఇష్టం లేదు. చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళకి లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్కలు, అంటే ఉన్న టైములో, ఉన్న మనుషులతో ఏది ఎంత చేస్తే లాభం ఎక్కువో గీతలు గీసి తేల్చడం. నాలుగు ఆదివారాలు, పూటకి రెండు గంటలు, మొత్తం 1,200 రూపాయలు. నేను ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో కూడా చెప్తాను.

నేను మర్రిపాలెంలో ఇంట్లోనే జంతికలు, చెగోడీలు వండి ఆరేడు షాపులకి వేస్తుంటాను. పెద్ద బర్నర్ ఒక్కటే. పై వాటావాళ్ళు మధ్యాహ్నం 2 దాటితే నూనె వాసన భరించలేమన్నారు, కాబట్టి పొద్దున్న 8 నుంచి 2 వరకే పొయ్యి. చేతి పనికి ఇద్దరు ఆడవాళ్ళు చెరో 5 గంటలు వస్తారు. చెగోడీలు చుట్టడం పెద్ద పని అని, వాటికి చేతులు చాలడం లేదని, మూడో మనిషిని రోజుకి 350 ఇచ్చి పెట్టుకుందామని అనుకుంటూ ఉన్నాను. ఈలోగా మా అబ్బాయి ఈ క్లాసు పాంప్లెట్ తెచ్చి చేతిలో పెట్టాడు.

మొదటి ఆదివారం దాదాపు వృథా. మాస్టారు అరగంట లేటు. మార్కర్లో ఇంకు లేదు. జిరాక్స్ కాయితాల్లో కుర్చీలు, టేబుళ్ళు చేసే ఫ్యాక్టరీ లెక్క ఉంది, అది మాలో ఎవరికీ పనికిరాదు. ఈ లెక్కల్లో ఒక్కో షరతుకి ఒక్కో గీత, గీతకి ఒక వైపే మనకి కుదిరేది. పైగా కాయితాల్లో ఏ వైపు కావాలో ఆ వైపు షేడ్ చేశారు, మాస్టారేమో బోర్డు మీద అక్కర్లేని వైపు గీతలు కొట్టేస్తారు. రెండూ చూసి రాసుకున్నవాళ్ళందరికీ జవాబు తలకిందులైంది. నిజానికి మాస్టారి పద్ధతే మేలు. నాలుగు గీతలు పడేసరికి కావాల్సిన చోటు ఒక్కటే తెల్లగా మిగిలి, మనకే కనిపిస్తుంది. కానీ ఆ ముక్క ముందు చెప్పాలి కదా.

రెండో ఆదివారం ఎవరి లెక్క వాళ్ళు తెచ్చుకోమన్నారు. అప్పటినుంచి క్లాసుకి ప్రాణం వచ్చింది.

నా లెక్క బోర్డు మీద పెట్టారు. జంతికల కిలోలు జ, చెగోడీల కిలోలు చ. కిలో జంతికలు వేగడానికి 12 నిమిషాలు, చెగోడీలు వాయికి ఎక్కువ పడతాయి కాబట్టి 9 నిమిషాలు. పొయ్యి 6 గంటలు, అంటే 360 నిమిషాలు. 12జ + 9చ అనేది 360కి మించకూడదు. మూడుతో కొట్టేస్తే 4జ + 3చ ≤ 120. చేతి పని సంగతి వేరు: గొట్టంలో కిలో జంతికలు నొక్కడానికి 8 నిమిషాలు, కిలో చెగోడీలు చుట్టడానికి 24. ఇద్దరిదీ కలిపి 600 నిమిషాలు. ఎనిమిదితో భాగిస్తే జ + 3చ ≤ 75. జ, చ రెండూ సున్నా కంటే తక్కువ కాకూడదు. ఇది చెప్పక్కర్లేదనుకున్నాను గానీ, చెప్పకపోతే గీత అటువైపు కూడా పోతుందట.

గీత ఎటు ఉంచాలో తేల్చుకోవడానికి (0, 0), అంటే జ, చ రెండూ సున్నా, పెట్టి చూడమన్నారు. సున్నా 120 కంటే తక్కువే కదా, కాబట్టి సున్నా ఉన్న వైపు మనది. నా పక్కన కూర్చున్న టైలరింగ్ అమ్మాయి, గీత సున్నా మీదుగానే పోతే ఏం చేయాలి మాస్టారూ అని అడిగింది. జాకెట్లకి రెట్టింపు కంటే ఎక్కువ ఫాల్స్ కుట్టకూడదన్నది ఆమె షరతు. ఆయన తర్వాత చెప్తానని దాటేశారు. మూడుసార్లు అడిగాక, గీత మీద లేని ఇంకో చుక్క ఏదైనా తీసుకోమన్నారు. ఒక్క మాటలో అయిపోయేదానికి ఆమెని మూడుసార్లు అడిగించారు.

తర్వాత లాభం. జంతికల మీద కిలోకి 60, చెగోడీల మీద 90. నేను 1996లో పదో తరగతి, అప్పట్లో ఈ పాఠం పదిలోనే ఉండేది. సమలాభ రేఖ, అంటే ఒకే లాభం వచ్చే చుక్కలన్నిటినీ కలిపే గీత, అనే మాట పాతికేళ్ళ తర్వాత చెవిన పడేసరికి మా స్కూలు బ్లాక్‌బోర్డు కళ్ళముందుకొచ్చింది. అప్పుడు బట్టీ పట్టాను. ఇప్పుడు మాస్టారు 1,800 రూపాయలు వచ్చే గీత గీసి, దానిమీద స్కేలు పెట్టి, వాలు మారకుండా బయటికి జరుపుతూ వెళ్ళారు. జరిపేకొద్దీ లాభం పెరుగుతుంది. చిట్టచివర స్కేలు తెల్లచోటుని వదిలేసే ముందు ఒక మూలని తాకింది. జవాబు ఎప్పుడూ మూలల్లోనే ఎందుకు వెతుకుతారో నాకు ఆ స్కేలు వల్లే అర్థమైంది. మధ్యలో ఎక్కడున్నా ఇంకాస్త జరగడానికి చోటుంటుంది కదా. ఒక్కోసారి స్కేలు మూలని కాకుండా ఒక అంచు పొడుగునా ఆనుకుంటుందట, అప్పుడు ఆ అంచు మీద ఏ చుక్కకైనా అదే లాభం. ఇది మాత్రం చక్కగా చెప్పారు.

నా మూలలు నాలుగు, ముందు జ, తర్వాత చ: (0, 0), (30, 0), (15, 20), (0, 25). లాభాలు వరసగా 0, 1,800, 2,700, 2,250. నేను అప్పటిదాకా రోజూ చేస్తున్నది 24 కిలోల జంతికలు, 8 కిలోల చెగోడీలు, దానికి వచ్చేది 2,160. రోజుకి 540 రూపాయలు చేతులారా వదిలేస్తున్నానా అని బస్సులో కూర్చున్నంతసేపూ అదే టెన్షన్.

సోమవారం నుంచి 20 కిలోల చెగోడీలు మొదలుపెట్టాను. షాపులవాళ్ళు 16 తీసుకుని 4 వెనక్కి పంపారు. మూడు రోజుల్లో 12 కిలోలు. విశాఖ గాలి సంగతి తెలిసిందే, డబ్బా మూత సరిగ్గా లేకపోతే పొద్దున కరకరలాడినవి సాయంత్రానికి మెత్తబడతాయి. కోపంగా వెళ్ళాను తర్వాతి ఆదివారం. మాస్టారు తాపీగా, "మీరు చెప్పని షరతుని నేనెలా గీస్తానమ్మా?" అన్నారు. చ ≤ 16 అని ఇంకో గీత అడ్డంగా గీసేసరికి పాత మూల ఎగిరిపోయి (18, 16) వచ్చింది. లాభం 2,520. అమ్మకాలకి కూడా హద్దు ఉంటుందని ఆయనే ముందు అడిగి ఉండాల్సింది అని నా అభిప్రాయం. వంట చేసేవాళ్ళకి పొయ్యి గుర్తొస్తుంది గానీ గిరాకీ గీత అవుతుందని ఎలా తెలుస్తుంది?

కానీ నా 1,200 గిట్టుబాటయింది ఆ మూల దగ్గరే. అక్కడ చేతి పని 528 నిమిషాలే, 72 నిమిషాలు మిగులు. పొయ్యికి మాత్రం ఒక్క నిమిషం కూడా మిగల్లేదు. అంటే మూడో మనిషిని పెట్టుకుంటే 350 ఖర్చు తప్ప పైసా లాభం పెరగదు. అదే పొయ్యి ఒక గంట ఎక్కువ వెలిగితే ఇంకో 5 కిలోల జంతికలు, 300 రూపాయలు. మాస్టారు దీన్ని ఆ గంట ధర అన్నారు. నిజం చెప్పాలంటే మా దగ్గర పనిచేసే సింహాచలమమ్మ ఎప్పుడో అంది, "మూకుడు కాళీ అవ్వకుండా మేం సుట్టి ఏటి సేస్తామమ్మా?" అని. వాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారనుకున్నాను నేను. పాత పద్ధతిలో ఇద్దరికీ కలిపి రోజుకి 216 నిమిషాలు పనే లేదు మరి.

ఇప్పుడు పొయ్యి 7కే వెలిగిస్తున్నాను. 23 కిలోల జంతికలు, 16 చెగోడీలు, 2,820. జంతికలు 24 దాకా ఇదివరకే అమ్మేదాన్ని కాబట్టి అవి వెనక్కి రావడం లేదు.

మిగతావాళ్ళ లెక్కల్లో వాటర్ క్యాన్లు వేసే కుర్రాడిది బాగుంది. బండి ఒక్కటి, రోజుకి 10 గంటలు. గాజువాక ట్రిప్పు గంటన్నర, కనీసం 4 అని ఒకరికి మాటిచ్చాడు. భీమిలి ట్రిప్పు 2 గంటలు, కనీసం 3 అని ఇంకొకరికి. గీతలన్నీ గీశాక తెల్లగా మిగిలిన చోటే లేదు. 12 గంటల పనిని 10 గంటల్లో ఏ మూల నుంచి చూసినా పట్టించలేం. రోజూ చీవాట్లు ఎందుకు తింటున్నాడో పాపం అప్పుడు తెలిసింది.

కథలు కూడా చెప్పారు, అవి నాకు నచ్చాయి. 1938లో రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో కాంటొరోవిచ్ అనే గణితం ఆయన్ని ప్లైవుడ్ వాళ్ళు వచ్చి, ఏ మెషీన్ మీద ఏ కలప ఎంతసేపు ఆడించాలో చెప్పమన్నారట. ఆయన 1939లో దాన్నే ఒక శాస్త్రంగా రాసిపెట్టాడు. 1975లో కూప్‌మన్స్ అనే ఆర్థికవేత్తతో కలిపి ఆయనకి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మూల నుంచి మూలకి లాభం పెరిగే దారిలో నడిచే సింప్లెక్స్ పద్ధతిని 1947లో కనిపెట్టిన డాంట్జిగ్‌కి మాత్రం రాలేదు. ప్లైవుడ్ వాళ్ళకి వచ్చిన చిక్కే నాకూ వచ్చిందన్నమాట, కాకపోతే నాది మూకుడు.

నాలుగో ఆదివారం మళ్ళీ చప్పగా నడిచింది. నాకు పండగలకి కాజాలు కూడా ఉంటాయి. మూడు వస్తువులైతే కాయితం మీద గీతలు చాలవు, సింప్లెక్స్ కావాలి. దానికి ఎక్సెల్‌లో ఇలాంటి లెక్క తనే చేసిపెట్టే సాల్వర్ ఉందని చెప్పి, ల్యాప్‌టాప్ తెరిచి, ఐదు నిమిషాల్లో మూసేశారు. ఇంట్లో నేను ఫోన్లో గీతలు గీసే జియోజీబ్రా యాప్ పెట్టుకుని రెండు వస్తువుల గీతలు చూసుకుంటున్నాను. అది ఉచితం, బాగానే ఉంది. కాజాలు మాత్రం ఇంకా అందాజుగానే వేస్తున్నాను.

పది తప్పినవాళ్ళైనా కూడికలు, గుణకారాలు వస్తే వెళ్ళొచ్చు. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు చూసుకోండి. రెండో బ్యాచ్ సంక్రాంతి తర్వాతట. గళ్ళ కాయితాలు వాళ్ళే ఇస్తారు, స్కేలు మాత్రం మీరే తీసుకెళ్ళండి. అక్కడున్నది ఒక్కటే, అదీ 15 సెంటీమీటర్లది.