కుక్కపిల్లను తెచ్చుకోకముందే డాక్టరు దగ్గరికి: మా అనుభవం

ఇంట్లో కుక్క లేకుండానే కుక్కల డాక్టరు దగ్గరికి వెళ్లాం మేము. రిసెప్షన్‌లో అమ్మాయి "పెట్ పేరు చెప్పండి" అంటే, ఇంకా తెచ్చుకోలేదమ్మా, మా ఇంటికి సరిపడుతుందో లేదో అడగడానికే వచ్చాం అన్నాను.

కారణం ఉంది. రెండేళ్ల క్రితం పాప పుట్టినరోజుకని ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి ఒకతని దగ్గర లాబ్రడార్ పిల్లను కొన్నాం. నలభై రోజుల పిల్ల. టీకా వేయించానన్నాడు, కార్డు తర్వాత పంపిస్తానన్నాడు, పంపలేదు. వారం తిరక్కుండానే వాంతులు, రక్తవిరేచనాలు, కుక్కపిల్లలకు సోకే పార్వో అనే వైరస్ జబ్బని తేలింది, ఐదో రోజు పోయింది. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017 నుంచే మన దేశంలో నిబంధన ఉందని తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే కొనేవాళ్లమే కాదు.

అందుకే ఈసారి కూకట్‌పల్లిలో మాకు దగ్గరగా ఉన్న ఈ చిన్న క్లినిక్‌కి వెళ్లాం. ఫీజు 500, డాక్టరుగారు మాతో ముప్పావుగంట మాట్లాడారు. పోయిన పిల్ల ఇదే ఇంట్లో ఉండేదా అన్నది ఆయన మొదటి ప్రశ్న. పార్వో వైరస్ నెలల తరబడి ఇంట్లోనే బతికి ఉంటుందట, మామూలు ఫినాయిల్‌కి చావదట, బ్లీచ్ కలిపిన నీళ్లతో కడిగి పది నిమిషాలు తడిగా ఉంచాలన్నారు. మీరు మాత్రం టీకాల కోర్సు పూర్తయిన పిల్లనే తెచ్చుకోండి అని గట్టిగా చెప్పారు.

తర్వాత మా అత్తయ్యవైపు తిరిగి "అమ్మా, మీకు ఇష్టమేనా?" అన్నారు. నాకు సిగ్గనిపించింది, ఎందుకంటే మేమిద్దరం ఆఫీసుకెళ్తే రోజూ ఏడెనిమిది గంటలు దానితో ఉండాల్సింది ఆవిడే, ఆ మాట అప్పటివరకు మేమెవ్వరం ఆవిడను అడగలేదు. "ఉండనివ్వండి బాబూ, పూజగదిలోకి రాకూడదు, ఈ మోకాళ్లతో నేను దాన్ని కిందికి తీసుకెళ్లి తిప్పలేను" అన్నారు. పొద్దున మావారు, సాయంత్రం నేను తిప్పాలని అక్కడే ఒప్పందం అయింది.

పాపకి హస్కీ కావాలి. చలిదేశంలో పెరిగిన జాతి, రెండు పొరల బొచ్చు, మన మే నెల ఎండకి రోజంతా ఏసీలో ఉంచాలి, వద్దు తల్లీ అని దానికే అర్థమయ్యేలా చెప్పారు. సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారు, అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నాడా, బాల్కనీకి గ్రిల్ ఉందా, అన్నీ అడిగారు. కుక్క పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతుంది, తొమ్మిదేళ్ల మీ పాప అప్పటికి చదువుకో ఉద్యోగానికో వెళ్లిపోతుంది, ముసలి కుక్క మీ ఇద్దరి చేతుల్లోనే ఉంటుంది అన్నారు. ఆ రాత్రి మావారూ నేనూ చాలాసేపు దీని గురించే మాట్లాడుకున్నాం.

ఖర్చు కూడా కాగితం మీద వేసిచ్చారు. పిల్లకి పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి టీకాలు, మూడు నెలలప్పుడు రేబిస్, నులిపురుగుల మందు, పిడుదులు పట్టకుండా మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, తిండి, అంతా కలిపి మొదటి ఏడాదికి మాకు దాదాపు 45 వేలు. సగానికి పైగా తిండికే.

బాగాలేనివీ చెప్పాలి. అపాయింట్‌మెంట్ తీసుకున్నా ఆదివారం గంటన్నర కూర్చోబెట్టారు. ఇరుకు గది, కుక్కలూ పిల్లులూ ఒకేచోట, బుట్టలో ఉన్న ఒక పిల్లి భయంతో వణికిపోతుంటే చూడలేకపోయాను. రాత్రి తొమ్మిది తర్వాత క్లినిక్ ఉండదు, కాబట్టి ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే ఆసుపత్రి ఎక్కడుందో మీరే ముందుగా చూసి పెట్టుకోండి.

మేము మూడు నెలలు ఆగి, వీధికుక్కల్ని కాపాడే ఒకావిడ దగ్గర నుంచి నాటు పిల్లను తెచ్చుకున్నాం. ఆడపిల్ల, ఐదో నెల, టీకా కార్డు చేతిలో పెట్టి మరీ ఇచ్చారు. మధ్యాహ్నం పెరుగన్నం అత్తయ్యే కలిపి పెడుతున్నారు.

నాలుగు స్టార్లు ఇస్తున్నాను. పిల్లులకు వేరే గది ఏర్పాటు చేస్తే ఐదోది కూడా ఇస్తాను.