హిస్టాలజీ (కణజాల శాస్త్రం) స్లైడ్ల పెట్టె: మొదటి ఏడాది విద్యార్థికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

శ్రీకాకుళంలోని ఒక వైద్య పరికరాల దుకాణంలో ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరం విద్యార్థుల కోసమని అమ్ముతున్న స్లైడ్ల పెట్టె ప్రాక్టికల్ పరీక్షకు బాగా పనికివస్తుంది. కణ జీవశాస్త్రం నేర్చుకోవడానికీ పనికొస్తుందని మూతమీద రాశారు గాని, దానికి మాత్రం పనికిరాదు.

స్లైడ్లన్నింటికీ హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులే వేశారు. కేంద్రకాలు నీలిఊదాగా, కణద్రవ్యం గులాబీగా విడివిడిగా తెలుస్తున్నందున, రికార్డులో రంగు పెన్సిళ్లతో బొమ్మ వేసేటప్పుడు సీనియర్ల రికార్డు చూసి దించుకోవలసిన పని ఉండదు. లాలాజల గ్రంథుల స్లైడ్లు మూడూ ప్రత్యేకించి చెప్పుకోదగ్గవి. పెరోటిడ్ గ్రంథిలో ముదురు రంగు సీరస్ (నీళ్లలాంటి స్రావమిచ్చే) కణాల గుత్తులే నిండి ఉంటాయి. సబ్‌లింగ్వల్ గ్రంథిలో కేంద్రకం అడుగుకు అణగిపోయిన లేతరంగు మ్యూకస్ (జిగురు స్రావమిచ్చే) కణాలదే పైచేయి. సబ్‌మాండిబ్యులర్ గ్రంథి స్లైడ్‌ను 40 ఎక్స్ ఆబ్జెక్టివ్ (నలభై రెట్లు పెద్దదిగా చూపే కటకం) కింద పెట్టి ఫైన్ ఫోకస్‌ను నెమ్మదిగా తిప్పితే, మ్యూకస్ గుత్తి అంచున నెలవంకలా అతుక్కున్న సీరస్ కణాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఫోన్‌లో ఫొటోలు చూసి బట్టీ పట్టినవారు ఇక్కడే తడబడతారు. ఫొటో తీసినవారు వెతికిపెట్టిన చోటును స్లైడ్‌లో మనమే వెతుక్కోవాలి కదా.

లోపాలూ ఉన్నాయి. యురెటర్ (మూత్రనాళం) అని చీటీ అంటించిన స్లైడ్‌లో ఉన్నది వాస్ డిఫరెన్స్ (శుక్రవాహిక). మధ్య రంధ్రం చిన్నదై, దాని చుట్టూ కండర పొర అంత మందంగా ఉండి, పైవరసలో గొడుగు ఆకారపు కణాలుండే ట్రాన్సిషనల్ ఎపిథీలియం (మూత్రనాళం లోపలి పొర) జాడే లేనప్పుడు అది యురెటర్ ఎలా అవుతుంది? దుకాణదారు మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు గాని, కొన్నవారు ప్రతి చీటీనీ పుస్తకంతో సరిచూసుకోవడం మంచిది. ఎలాస్టిక్ మృదులాస్థికి కూడా మామూలు రంగులే వేయడం వల్ల, అందులో చూడవలసిన ఎలాస్టిక్ (సాగే) తంతువులు సరిగా తెలియవు.

ఇక మూతమీద చెప్పిన కణ జీవశాస్త్రం, అంటే కణం లోపలి భాగాలైన కణాంగాల సంగతి. సుమారు 0.2 మైక్రోమీటర్ల (200 నానోమీటర్ల) కన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువులను కాంతి మైక్రోస్కోప్ విడదీసి చూపలేదు. కణపొర మందమేమో 10 నానోమీటర్ల లోపే. రైబోసోములనూ మైటోకాండ్రియా లోపలి మడతలనూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాల్లో చూడవలసిందే.

ధర కొత్త పాఠ్యపుస్తకానికి దరిదాపుల్లో ఉంది, మైక్రోస్కోప్ మనదే ఉండాలి. సాయంత్రం ల్యాబ్ తెరిచి ఉంచే కళాశాలలో చదివేవారికి ఇది అనవసరం. మిగిలినవారు హాస్టల్ గదిలో ముగ్గురు కలిసి కొనుక్కుంటే సరిపోతుంది.