గర్భిణికి డెంగీ: హన్మకొండలోని ఒక ప్రసూతి ఆసుపత్రి సేవలపై సమీక్ష

ఏడో నెల గర్భంతో ఉన్న మా చెల్లెలికి వానాకాలంలో డెంగీ సోకినప్పుడు హన్మకొండలోని ఒక ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రిలో చేర్పించాము. వైద్యం విషయంలో ఈ ఆసుపత్రిని ధైర్యంగా సిఫారసు చేయగలను. దోమల నివారణలో మాత్రం వారి నిర్లక్ష్యం క్షమించరానిది.

చేర్చుకున్న వెంటనే డెంగీని తొలిరోజుల్లోనే గుర్తించే ఎన్‌ఎస్‌1 రక్తపరీక్ష చేయించి, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రల్లో డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఉన్నట్లు గమనించి, రక్తస్రావానికి దారితీయవచ్చంటూ దానిని ఆపించి, జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే ఇచ్చారు. జ్వరం దిగగానే మా పెద్దమ్మ "ఇక ఇంటికి వెళ్దాం" అంటూ సంచి సర్దుతుంటే, డాక్టరమ్మ ఆపి, "ఇప్పటి నుంచే అసలు జాగ్రత్త అవసరం" అన్నారు. జ్వరం తగ్గే సమయంలో 24 నుంచి 48 గంటల పాటు రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారే ప్రమాదం ఉంటుందని, తల్లి రక్తపోటు పడిపోతే మాయకు రక్తం తగ్గి కడుపులోని బిడ్డ ఇబ్బంది పడుతుందని వివరించారు. గర్భిణులకు రక్తం సహజంగానే పలుచబడుతుంది కాబట్టి, ద్రవం కారి రక్తం చిక్కబడుతున్న సంగతి ఒక్క రిపోర్టుతో తెలియదని చెప్పి, పాత పరీక్షల కాగితాలు తెప్పించుకుని పోల్చి చూశారు. నర్సులు బీపీ చూసిన ప్రతిసారీ బిడ్డ గుండె చప్పుడు కూడా విని చార్టులో రాశారు.

రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గాయని బంధువులు ఎక్కించమని పట్టుబట్టినా, రక్తస్రావం లేనందున డాక్టర్లు ఒప్పుకోలేదు. అయితే కాన్పు నొప్పులు మొదలైతే అవసరం పడవచ్చని రక్తదాతలను సిద్ధంగా ఉంచమన్నారు. గర్భస్రావం, నెలలు నిండకముందే కాన్పు, తక్కువ బరువు, కడుపులోనే బిడ్డ మరణించడం వంటి ముప్పులను దాచకుండా చెబుతూనే, చాలామంది తల్లులు కోలుకుని ఆరోగ్యవంతమైన బిడ్డలను కంటారని ధైర్యం చెప్పారు. ఆ తీరు నాకు ఎంతో నచ్చింది.

ఇక లోపాల సంగతి. రాత్రిపూట ల్యాబ్ రిపోర్టులు ఆలస్యంగా వచ్చాయి, బిల్లులో వివరాలు లేవు. అంతకంటే పెద్ద తప్పు, డెంగీ రోగులు పడుకునే వార్డు కిటికీలకు జాలీలు లేకపోవడం, మంచాలకు దోమతెరలు కట్టకపోవడం. వరండాలోని కూలర్ అడుగున నీళ్లు నిలిచి, వాటిలో దోమపిల్లలు కదలడం నేను స్వయంగా చూశాను. డెంగీని మోసే ఈడిస్ దోమ కుట్టేది ప్రధానంగా పగటిపూటే. జ్వరంతో ఉన్న తల్లిని కుట్టిన దోమ కొద్దిరోజుల్లో పక్క మంచంమీది గర్భిణికి అదే వైరస్‌ను అంటించగలదు. ఫిర్యాదు చేసిన తర్వాతే నీళ్లు పారబోశారు.

కాన్పు దగ్గరపడినప్పుడు జ్వరం వస్తే వైరస్ బిడ్డకూ చేరవచ్చు, పుట్టిన తొలి వారాల్లో శిశువుకు జ్వరం రావచ్చు, ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు. ఈ ఆసుపత్రిలో నవజాత శిశువుల అత్యవసర విభాగం లేదు. అందువల్ల నెలలు నిండిన గర్భిణులను ఆ విభాగంతో పాటు బ్లడ్ బ్యాంకు కూడా ఉన్న ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్లాలి.