గోడ క్యాలెండర్, లాంగ్ నోట్‌బుక్, పెన్సిలు: కుట్టుపనికి నెలవారీ లక్ష్యాల మీద నా రివ్యూ

కుట్టుపనికి నెలనెలా లక్ష్యాలు పెట్టుకుని, ఏ రోజు ఎంత అయిందో రాసుకుంటూ పోయే పద్ధతిని నేను కొన్నేళ్లుగా వదలకుండా వాడుతున్నాను. తెలిసినవాళ్లు చాలామంది "అది నిజంగా పనికొస్తుందా, దానికేదైనా యాప్ ఉందా" అని అడుగుతుంటారు కాబట్టి ఒకసారి తీరిగ్గా రాస్తున్నా. పనికొస్తుంది. బాగా పనికొస్తుంది. కాకపోతే లక్ష్యాన్ని ఏ కొలతలో రాసుకున్నామన్నదే అసలు సంగతి, మిగతావన్నీ దాని తర్వాతే. "ఈ నెల బొంత పూర్తి చేయాలి" అని గోడ మీద రాసుకుంటే నెలంతా దాన్ని చూసినప్పుడల్లా టెన్షనే. "ఈ వారం ఆరు వరసలు" అని రాసుకుంటే రాత్రి గిన్నెలు తోమేశాక ఒక వరస కుట్టి పడుకుందాం అనిపిస్తుంది.

మాది కోవూరు. పెన్న దాటితే నెల్లూరు, దారాలు, పూసలు, లైనింగు బట్ట ఏది కావాలన్నా చిన్నబజారు దాకా పోయి తెచ్చుకుంటాం. పాత చీరలతో బొంతలు కుడతాను, అది మా అత్తమ్మ దగ్గర నేర్చుకున్న పని. దాంతోపాటు క్రాస్ స్టిచ్ (గళ్ల బట్ట మీద ఇంటూ గుర్తు లాంటి కుట్లతో బొమ్మ కుట్టడం), కొంచెం క్రోషియా (కొక్కెం సూదితో దారం అల్లడం), శ్రావణమాసం వస్తే తెలిసినవాళ్ల జాకెట్లకి మగ్గం వర్క్. ఇవన్నీ వంట, పిలకాయల బడి, వచ్చేపోయే చుట్టాల మధ్యలో జరగాల్సినవే. నేను వాడే సరంజామా పెద్ద గడులున్న తెలుగు గోడ క్యాలెండర్, ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక పెన్సిలు. అంతే.

బొంతతో మొదలుపెడతాను, ఈ పద్ధతి విలువ నాకు బాగా తెలిసింది అక్కడే. ఐదున్నర మీటర్ల నూలు చీరని ఈ కొస ఆ కొసకి తగిలేలా సగానికి మడిస్తే రెండుముప్పావు మీటర్ల పొడవు, దాదాపు 45 అంగుళాల వెడల్పు వస్తుంది, రెండు చీరలు అలా ఒకదాని మీద ఒకటి పరిస్తే నాలుగు పొరలు, మా వైపు వాతావరణానికి ఆ మందం చాలు. వరసకీ వరసకీ రెండంగుళాల ఎడం పెట్టుకుంటే మొత్తం 22 వరసలు. ఒక్కో వరస ఆరు మూరల పొడవు, సూది పొరల్లోకి దిగి పైకి వచ్చేదానికి ఇంకో మూర కలుపుకోవాలి, అంటే వరసకి ఏడు మూరల దారం. 22 వరసలకి 154 మూరలు, మీటర్లలో చెప్పాలంటే డెబ్బై చిల్లర. ఈ లెక్క నోట్‌బుక్‌లో ఒక్కసారి వేసుకున్నాక బొంత అంటే భయం పోయింది. మొదటి మూడు వారాలు ఆరేసి వరసలు, చివరి వారం నాలుగు వరసలు, మిగిలిన రోజులు అంచు మడిచి కుట్టేదానికి. చాప పరిచి, చీరలు సర్ది, కదలకుండా పెద్ద టాకాలు వేసే పని ఉంది చూడండి, దాన్ని ఈ వరసల్లో కలపకూడదు. దానికి ఇద్దరు మనుషులు, ఒక ఖాళీ గది, ఒక పూట కావాలి, అందుకే దాన్ని విడిగా ఒక ఆదివారం గడిలో రాసుకుంటాను. వరసలు కూడా మధ్య నుంచి అంచులకి కుట్టుకుంటూ పోవాలి, ఒక అంచు నుంచి మొదలుపెడితే బట్టంతా జరిగి రెండో అంచు దగ్గర గుత్తిగా లేస్తుంది. కాబట్టి నోట్‌బుక్‌లో మధ్య గీతకి సున్నా అని పెట్టి, ఇటు ఎన్ని, అటు ఎన్ని అని రాస్తాను.

మా అత్తమ్మ ఇవేవీ రాయలేదు. "పొద్దున ఒక వరస, మాపటికి ఒక వరస, అంతేనమ్మా" అనేది. లెక్క ఆమెకి చేతిలోనే ఉండేది. మనకి రోజులో పది పనులు, ఫోను, మధ్యలో వారం రోజుల విరామం, అందుకని కాగితం కావాల్సి వస్తోంది.

క్రాస్ స్టిచ్‌కి ఈ పద్ధతి అన్నిటికంటే బాగా కుదురుతుంది. ఏ గడిలో ఏ రంగు కుట్టాలో చూపించే చార్టులో ప్రతి పది గళ్లకి ఒక మందపు గీత ఉంటుంది కదా, ఆ పది పదుల చదరమే నా కొలత. 14 కౌంట్ ఐడా బట్ట (అంగుళానికి 14 గళ్లు ఉండే బట్ట) మీద 70 గళ్ల పొడవు, 70 గళ్ల వెడల్పు ఉన్న బొమ్మ అంటే చేతిలో అయిదంగుళాల చదరమే, కానీ నిండుగా కుడితే 4,900 కుట్లు. ఆ అంకె చూస్తే ఎవరికైనా నీరసం వస్తుంది. 49 చదరాలు అనుకోండి, వారానికి పన్నెండు పదమూడు, అప్పుడు నెలకి సరిపోతుంది. దారం లెక్క కూడా ఇక్కడే చేసుకోవచ్చు: యాంకర్ దారం కట్ట 8 మీటర్లు, ఆరు పోగులు. మూరెడు చొప్పున కత్తిరిస్తే పదిహేడు ముక్కలొస్తాయి, రెండేసి పోగులుగా విడదీస్తే ఒక్క కట్టలో 51 సూదుల దారం. మూర కంటే పొడుగు తీసుకుంటే దారం బట్టలోంచి ఎక్కువసార్లు లాగబడి నూగు లేస్తుంది, చిక్కు కూడా పడుతుంది, ఎంత తొందరున్నా మూరే మంచిది. రోజూ ఎన్ని సూదుల దారం అయిందో గడిలో గీతలు పెడితే, ఫలానా రంగు ఎప్పుడు అయిపోతుందో ముందే తెలుస్తుంది, చిన్నబజారు ప్రయాణం ఒకటి తగ్గుతుంది. కట్ట మీద కాగితం పారేయకుండా దాని మీదున్న రంగు నంబరు నోట్‌బుక్‌లో అంటించుకోండి, నల్లదారం 403 లాంటివి నోటికొస్తాయి గానీ ఆకుపచ్చల్లో ఏది ఏదో కంటితో పోల్చుకోవడం కష్టం.

క్రోషియాకి మాత్రం జాగ్రత్త. "ఈ నెల ఇరవై చుట్లు" అని రాసుకుని, పది అయ్యేసరికి సగం పని అయిందనుకుంటే లెక్క తప్పుతుంది. గుండ్రంగా అల్లే డాయిలీలో (బల్ల మీద పరిచే లేసు ముక్క) చుట్టుకి పన్నెండు కుట్లు పెరుగుతాయి అనుకుందాం, పదో చుట్టులో 120 కుట్లు, ఇరవయ్యో చుట్టులో 240. మొత్తం 2,520 కుట్లలో మొదటి పది చుట్లకి అయ్యేవి 660 మాత్రమే, అంటే చుట్లలో సగం అయినప్పుడు పనిలో పావు వంతే అయినట్టు. అందుకే గుండ్రటివాటికి కుట్ల లెక్కే పెట్టాలి, లేదా మొదటి వారంలో ఎక్కువ చుట్లు, తర్వాత వారాల్లో తక్కువ అని ముందే తగ్గించి రాసుకోవాలి. నర్సాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లని చూస్తే నాకు ఎప్పుడూ గౌరవమే, 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా ఇంట్లో మేమంతా సంబరపడ్డాం. మగ్గం వర్క్‌కి నేను నెల లక్ష్యం పెట్టను, ఎదుటివాళ్ల ఫంక్షన్ తేదీయే దాని లక్ష్యం.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్న విషయం: పన్నెండు నెలలకీ ఒకే లక్ష్యం పెట్టకండి. ఎక్కడో చలిదేశంలో వాళ్లు రాసుకున్న ప్లానర్ దించుకుంటే అందులో బొంతపని ఏడాది పొడవునా సమానంగా ఉంటుంది. నెల్లూరులో మే నెలలో నాలుగు పొరల నూలు బట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చోమనండి చూద్దాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండల్లో చేతుల చెమటకి సూది మెరుపు పోయి నల్లబడుతుంది, బట్టలో సరిగ్గా దిగదు. అందుకని ఏప్రిల్ నుంచి జూన్ దాకా నా క్యాలెండర్‌లో రింగులో బిగించి కుట్టే చిన్న పనులే ఉంటాయి, అవి కూడా పొద్దున్నే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మాకు అసలైన వానలు. నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలే మా జిల్లాని ఎక్కువ తడుపుతాయి, ఆ నెలల్లో ఉతికిన పాత చీరలు రోజుల తరబడి ఆరవు, మబ్బు వెలుతురులో రంగులు పోల్చుకోలేం, గాలివాన వస్తే కరెంటు ఉండదు. 2023 డిసెంబర్ మొదటివారంలో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా గడులన్నీ ఖాళీ, ఖాళీగానే ఉండాలి కూడా. కాబట్టి బొంతకి కావాల్సిన చీరలు ఎండలు ఉన్నప్పుడే, సెప్టెంబర్‌లోపే ఉతికి ఆరబెట్టి మడిచి పెట్టుకోవడం అనేది కూడా ఒక లక్ష్యమే, దాన్ని కుట్టుపని కాదని వదిలేయకూడదు. సంక్రాంతి తర్వాత జనవరి, ఫిబ్రవరి నెలలు బొంతకి బంగారం. మార్చిలో పిలకాయల పరీక్షలు, సగానికి తగ్గించేస్తాను. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర జరిగే రొట్టెల పండుగ ఒకటి ఉంది, మొహర్రం లెక్క కాబట్టి ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, 2024లో జూలై 17న మొదలైంది, 2025లో జూలై 6న. ఆ చెరువుకి వచ్చే చుట్టాలు మా ఇంట్లోనే దిగుతారు, ఆ వారం సూది ముట్టుకునే తీరిక ఉండదు, ఉండకపోయినా నాకు బాధ లేదు, ఏడాది మొదట్లోనే ఆ గడుల మీద అడ్డగీత గీసి ఉంచుతాను కాబట్టి.

రాసుకునే తీరు చాలా తేలిక. గడిలో ఒక పొట్టి గీత అంటే ఒక కొలత, వరసైనా చదరమైనా. పని చేయని రోజు గడిని అలాగే ఖాళీగా వదిలేస్తాను, సున్నా పెట్టను, ఎర్ర పెన్ను వాడను. నెలాఖరున గీతలు కూడి నోట్‌బుక్‌లో రాస్తాను. మిగిలిన పని తర్వాతి నెలకి పోతుంది, దాని చుట్టూ ఒక సున్న చుడతాను. ఒకే పని మూడు నెలలు వరసగా సున్న చుట్టించుకుంటే దాన్ని ముందుకు నెట్టను, కూర్చుని నిర్ణయం తీసుకుంటాను: చిన్నది చేసి ముగించడమా, ఇష్టపడేవాళ్లకి ఇచ్చేయడమా, విప్పి బట్ట వాడుకోవడమా. ఈ ఒక్క నియమం వల్ల మా బీరువా కింద అరలో సగంలో ఆగిన పనులు పేరుకుపోవడం ఆగింది. దిండు గలీబుగా మారిన పెద్ద గోడబొమ్మ ఒకటి ఇప్పుడు మా ముందు గదిలో ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

యాప్‌ల సంగతి. క్రాస్ స్టిచ్ చార్టులు పీడీఎఫ్‌లో ఉంటే ప్యాటర్న్ కీపర్ బాగుంటుంది, కుట్టిన గళ్లని వేలితో గుర్తు పెట్టుకోవచ్చు, పెద్ద చార్టులకి నేను ఇప్పటికీ అదే వాడతాను. రోజువారీ అలవాట్లు రాసుకునే యాప్ ఒకటి వాడి చూశాను. ఒక రోజు తప్పితే రోజుల వరస తెగిపోయిందని బొమ్మ చూపిస్తుంది, కుట్టుపనికి అది సరిపడదు, ఇంట్లో జ్వరం వచ్చిన పిల్ల ఉన్నప్పుడు ఎవరికీ అలాంటి గుర్తు చేయింపు అక్కర్లేదు. ఫోను మార్చినప్పుడు అందులో రాసుకున్నదంతా పోయింది కూడా. క్యాలెండర్‌తో ఆ గొడవ లేదు, పైగా ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. మా చిన్నది బడి నుంచి రాగానే "ఈరోజు గీతలు లేవేందమ్మా" అని అడుగుతుంది, అంతకంటే మంచి రిమైండర్ నాకు దొరకలేదు. వాట్సాప్‌లో నలుగురం కలిసి ఒకటో తారీఖున లక్ష్యాలు, ముప్పయ్యో తారీఖున ఫొటోలు పెట్టుకుంటాం, అది బాగుంది, కాకపోతే మిషన్ మీద కుట్టేవాళ్ల వేగాన్ని చేతికుట్టుతో పోల్చకూడదు అని మొదటే అనుకోవాలి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. లెక్క మీద ధ్యాస పెరిగితే కుట్టు నాణ్యత తగ్గే ప్రమాదం ఉంది, గీత పెట్టాలన్న తొందరలో కుట్లు పొడుగవుతాయి. అందుకని వరస అయ్యాక బొంతని తిప్పి వెనకవైపు చూసి, బాగుంటేనే గీత పెడతాను. మెడ నొప్పి, కంటి అలసట ఉన్నవాళ్లు వరసల కంటే నిమిషాల లెక్క పెట్టుకోవడం మేలు, ఇరవై నిమిషాలు కుట్టి లేచి నడవాలి. కేవలం మనసు తేలికపడటానికి కుట్టేవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు, వాళ్లని బలవంతపెట్టకండి. పని పూర్తి కావాలని గట్టిగా కోరుకుంటూ, సమయం ముక్కలు ముక్కలుగా దొరికే ఆడవాళ్లకి మాత్రం నేను పదికి తొమ్మిది మార్కులు వేస్తాను.

క్యాలెండర్ కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అన్నీ గడిలోనే నింపినవాటిలో గీతలకి చోటుండదు. ఆ వివరాలు గడి కింది భాగంలో చిన్న అక్షరాల్లో ఉండి, పైన తెల్లగా మిగిలినది తీసుకోండి, కాగితం నునుపుగా మెరిసేదైతే పెన్సిలు పడదు, కొట్లోనే ఒక మూల గీసి చూడండి. డిసెంబర్‌లో కొత్తవి రాగానే రెండు కొనుక్కోండి, ఒకటి పాలవాడికీ గ్యాసుకీ, రెండోది కుట్టుకి.