తోక పట్టుకుని గోదారి ఈదొచ్చా? ఇంగ్లిష్ పదాలకు మొదలు మేలా, చివర మేలా?

పోటీ పరీక్షల కోసం ఇంగ్లిష్ పదాలు నేర్చుకునేవాళ్లు మామూలుగా మూడు దారుల్లో ఏదో ఒకటి పడతారు. ఏ నుంచి జెడ్ దాకా జాబితా పెట్టుకుని రోజుకిన్నని బట్టీ కొట్టడం ఒకటి. పదం మొదట్లో ఉన్న ధాతువును పట్టుకోవడం రెండోది: బయో అంటే జీవం, జియో అంటే భూమి, ఇలా. ఒకే చివర ఉన్న పదాలన్నిటినీ ఓ గుంపు చేసి నేర్చుకోవడం మూడోది: సైడ్‌తో ముగిసేవి ఒకచోట, ఫోబియాతో ముగిసేవి ఇంకోచోట.

మొదటి దారి గురించి ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. అక్షరక్రమం నిఘంటువులో పదం వెతుక్కోవడానికి పనికొస్తుంది గానీ గుర్తుపెట్టుకోవడానికి కాదు. అబేట్, అబెట్, అబార్, అబ్జ్యూర్ ఒకే రోజు చదివితే వారం తిరిగేసరికి ఏది ఏదో తెలియకుండా కలగాపులగం అయిపోతాయి. అర్థాలకు ఒకదాంతో ఒకదానికి పొత్తు లేదు, మొహాలు మాత్రం ఒకేలా ఉంటాయి.

అసలు పోటీ మిగతా రెండిటికీ. నా ఓటు చివరకే, ఒక షరతు మీద. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు. అన్ని తోకలూ ఒడ్డుకు చేర్చవు. పొడుగ్గా ఉన్నవి, ఎవరో కూర్చుని ఒక పద్ధతి ప్రకారం తగిలించినవి చేరుస్తాయి. రెండు మూడు అక్షరాల పొట్టివి చాలాసార్లు నడిమధ్యలో వదిలేస్తాయి.

హత్యల గుంపు

ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షల్లో ఒక వివరణ ఇచ్చి దానికి సరిపోయే ఒక్క పదం అడిగే ప్రశ్నలు ఉంటాయి కదా, వాటికి సైడ్ గుంపు పెట్టని కోట. లాటిన్‌లో నరకడం, చంపడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చిందిది. హోమిసైడ్ నరహత్య, రెజిసైడ్ రాజహత్య, ప్యాట్రిసైడ్ పితృహత్య, మ్యాట్రిసైడ్ మాతృహత్య, ఫ్రాట్రిసైడ్ భ్రాతృహత్య, ఇన్‌ఫాంటిసైడ్ శిశుహత్య.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఈ గుంపు ఇంకా బాగా అచ్చొస్తుంది. తత్పురుష సమాసంలో పెత్తనం ఉత్తరపదానిదే. రాజహత్య అనగానే అది హత్య అని ముందు తేలిపోతుంది, ఎవరి హత్య అన్నది ఆ తర్వాతి సంగతి. రెజిసైడ్ కూడా అచ్చం అలాగే నడుస్తుంది. పైగా ముందు భాగాలు కూడా మనకు దూరపు చుట్టాలే: పేటర్ పితృ, మేటర్ మాతృ, ఫ్రేటర్ భ్రాతృ. ధాతువుల్లో, వ్యాకరణ రూపాల్లో ఉన్న పోలికలు చూసి సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ప్రసంగంలో చెప్పాడు. పరీక్ష రాసేవాడికి ఆ చరిత్రతో పని లేకపోవచ్చు, చుట్టరికం మాత్రం వాడుకోవచ్చు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. రెజిసైడ్ అనేది చంపిన పనికీ పేరే, చంపినవాడికీ పేరే. ప్రశ్నలో 'రాజును చంపినవాడు' అని అడిగినా, 'రాజును చంపడం' అని అడిగినా జవాబు ఒకటే. ఇక పొలంలోకి వస్తే అదే చివర చంపే మందుకు పేరవుతుంది. ఇన్‌సెక్టిసైడ్ పురుగులకు, హెర్బిసైడ్ కలుపుకు, ఫంగిసైడ్ శిలీంధ్ర తెగుళ్లకు, పెస్టిసైడ్ వీటన్నిటికీ కలిపి. మనం కలుపుమందును కూడా ఒక్కోసారి పురుగుమందు అనేస్తాం గానీ ఇంగ్లిష్ ప్రశ్నపత్రం అంత ఉదారంగా ఉండదు. జెనోసైడ్ మాత్రం కొత్తది. 1944లో రఫాయెల్ లెమ్కిన్ అనే పోలిష్ యూదు న్యాయవాది గ్రీకు తలకు లాటిన్ తోక తగిలించి కట్టిన మాట.

మరి కోఇన్‌సైడ్? అందులో హత్యేమీ లేదు. అది పడడం అనే అర్థమున్న వేరే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. రెండు సంగతులు ఒకే వేళకు వచ్చి పడడం అన్నమాట. డిసైడ్ మాత్రం నిజంగా ఈ ఇంటిదే: తెంచేయడం. మనమూ 'తెగేసి చెప్పు' అంటాం కదా, అదే.

మొదలు పట్టుకుంటే?

మొదలు పట్టుకునే పద్ధతిలో లాభం లేదని కాదు. ఒక్క బయో తెలిస్తే డజను పదాలు సగం తెలిసినట్టే. కానీ తల మోసం చేసినంత ఘోరంగా మంచి తోక మోసం చెయ్యదు. హోమోజీనియస్‌లో హోమో గ్రీకుది, 'ఒకే' అని అర్థం. హోమిసైడ్‌లో ఉన్నది లాటిన్‌ది, 'మనిషి'. పెడెస్ట్రియన్, పెడిక్యూర్‌లో పాదం ఉంది, పీడియాట్రిషియన్‌లో పిల్లవాడు ఉన్నాడు. అమెరికన్ స్పెల్లింగ్ చూస్తే రెండూ పెడ్డే. ఇక ముందు 'ఇన్' కనబడితే వ్యతిరేకార్థం అనుకునేవాళ్లు ఇన్‌ఫ్లేమబుల్ అంటే అంటుకోనిది అనుకుంటారు. నిజానికి భగ్గున మండేది. పెట్రోలు ట్యాంకరు మీద ఆ మాట చూసి ధైర్యంగా అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇంకో తేడా ఉంది. తల చెప్పేది విషయం, తోక చెప్పేది జాతి. నాలుగు ఐచ్ఛికాలున్న ప్రశ్నలో ముందు జాతి తేలితే రెండు ఐచ్ఛికాలు వాటంతట అవే రాలిపోతాయి. పరీక్ష హాల్లో అంతకన్నా ఏం కావాలి?

పాలనలు, శాస్త్రాలు, భయాలు

క్రసీ, ఆర్కీ రెండూ పాలనకే వాడతారు కాబట్టి పిల్లలు తికమక పడతారు. నేను చెప్పే కిటుకు ఒకటుంది. ఎంతమంది ఏలుతున్నారు అన్న లెక్క వస్తే ఎక్కువగా ఆర్కీ: మోనార్కీ ఒక్కడు, డయార్కీ ఇద్దరు, ఓలిగార్కీ కొద్దిమంది. ఎలాంటివాళ్లు ఏలుతున్నారు అన్నదైతే ఎక్కువగా క్రసీ: డెమోక్రసీ ప్రజలు, ప్లూటోక్రసీ ధనవంతులు, థియోక్రసీ మతాధిపతులు, జెరంటోక్రసీ వృద్ధులు. బ్యూరోక్రసీలో బ్యూరో అంటే ఫ్రెంచిలో రాసుకునే బల్ల. కార్యాలయాల చుట్టూ తిరిగినవాళ్లకు వివరణ అక్కర్లేదు. ఈ కిటుకు అన్నిచోట్లా నిలవదు. పేట్రియార్కీ, మేట్రియార్కీలలో లెక్కేమీ లేదు. అయినా డయార్కీ ఒక్కటి గుర్తుంటే గ్రూప్స్ చదివేవాళ్లకు రెండు పిట్టలు దొరుకుతాయి: 1919 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాల్లో తెచ్చిన ద్వంద్వ పాలన అదే, 1935 చట్టం రాష్ట్రాల్లో తీసేసిందీ అదే.

ఇక్కడి ఉచ్చు స్పెల్లింగ్‌లో ఉంది. హిపోక్రసీ (కపటం), ఇడియోసింక్రసీ (ఒకరికే ఉండే వింత అలవాటు) చెవికి ఈ గుంపువే అనిపిస్తాయి. రాసేటప్పుడు వాటి చివర సీ వై కాదు, ఎస్ వై. పాలనకూ వాటికీ సంబంధమే లేదు.

లజీ గుంపు పెద్దదే గానీ అంత నమ్మదగింది కాదు. బయాలజీ, జియాలజీ, సైకాలజీ అంటూ సాఫీగా పోతూ ఉంటే అపాలజీ (క్షమాపణ), ట్రిలజీ (మూడు భాగాల రచన), యూలజీ (పొగడ్త), టాటాలజీ (చెప్పిందే చెప్పడం) అడ్డొస్తాయి. లోగోస్ అంటే గ్రీకులో మాట అని కూడా అర్థం కాబట్టి ఇవీ ఆ ఇంటివే, శాస్త్రాలు మాత్రం కావు. అన్నిటికన్నా పెద్ద తమాషా ఆస్ట్రాలజీ, ఆస్ట్రానమీలది. లజీ తగిలించుకున్నది జ్యోతిషం, అది లేనిది ఖగోళశాస్త్రం.

ఫోబియాల గురించి కోచింగ్ నోట్సుల్లో పేజీలకు పేజీలు ఉంటాయి. వాటిలో సగం ఎవరూ వాడని మాటలు. అక్రో (ఎత్తులు), అగోరా (బయటి చోట్లు, జనసమ్మర్దం), క్లాస్ట్రో (ఇరుకు చోట్లు), జీనో (పరాయివాళ్లు), హైడ్రో (నీళ్లు), ఈ అయిదూ చాలు. హైడ్రోఫోబియా అంటే నీళ్లంటే భయం మాత్రమే కాదు, పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే రేబిస్‌కు పాత పేరు కూడా.

ఆస్పత్రిలో, మందుల షాపులో

తోకలు నిజంగా అన్నం పెట్టేది నర్సింగ్, ఫార్మసీ చదివేవాళ్లకు. ఐటిస్ వాపు: టాన్సిలైటిస్, హెపటైటిస్, అపెండిసైటిస్, కళ్లకలకకు పెట్టిన కంజంక్టివైటిస్. ఓసిస్ వాపు కాదు, ఒంటికి పట్టుకున్న స్థితి: ట్యూబర్‌క్యులోసిస్, నల్గొండ జిల్లా నీళ్లు తాగి తరాలు మోసిన ఫ్లోరోసిస్. ఇక టమీతో ముగిసే ఆపరేషన్లు మూడు రకాలు. ఎక్టమీ అంటే కోసి తీసేయడం, ఆటమీ అంటే కోయడం, ఆస్టమీ అంటే దారి తెరిచి ఉంచడం. అపెండెక్టమీలో అపెండిక్స్ పోతుంది. కొలోస్టమీలో పెద్దపేగును పొట్ట మీద తెరిచి ఉంచుతారు. వట్టి 'టమీ' అని గుర్తుపెట్టుకున్నవాడు ఈ మూడిటినీ కలిపేస్తాడు. ముందున్న ఒకటి రెండు అక్షరాలు కూడా కలిపి పట్టుకోవాలి.

ఓమా దగ్గర జాగ్రత్త. కార్సినోమా, లింఫోమా, మెలనోమా కణుతులే. కానీ గ్లాకోమా కంటి జబ్బు, అందులో కణితి లేదు. డిప్లొమా ఏమిటో పాలిటెక్నిక్ పిల్లలకు తెలుసు.

మందుల పేర్ల సంగతే వేరు. అవి జనం నోట్లో నలిగి పుట్టినవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులకు అంతర్జాతీయ పేర్లు ఖరారు చేస్తుంది. ఒకేలా పనిచేసే మందులకు చాలావరకు ఒకే చివర ఉండేలా చూస్తుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్ ఒక ఇంటివి. అటెనొలాల్, మెటొప్రొలాల్ ఇంకో ఇంటివి, ఎనలాప్రిల్, రామిప్రిల్ మరో ఇంటివి. ఈ మూడిళ్లూ బీపీ చీటీల్లో కనబడేవే, పనిచేసే తీరు మాత్రం వేరు. అమ్మకు రాసిన బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు చదివితే ఏ ఇంటి మందో తెలుస్తుంది. అంతమాత్రాన ఒకదాని బదులు ఇంకోటి మింగమని కాదు, అది డాక్టరు పని.

పొడుగు తోక గురించి నేను చెప్పిన మాటకు సాక్ష్యం ఇక్కడే ఉంది. అల్బెండజోల్, ఫ్లూకోనజోల్, మెట్రోనిడజోల్, పాంటోప్రజోల్, అన్నీ ఏజోల్‌తోనే ముగుస్తాయి. మొదటిది నులిపురుగుల నివారణ రోజున అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలకిచ్చే మాత్ర. రెండోది ఫంగస్‌కు, మూడోది అమీబా లాంటి వాటికి, నాలుగోది కడుపులో మంటకు. ఏజోల్ అనే పొట్టి ముక్క రసాయన నిర్మాణం సంగతి మాత్రమే చెబుతుంది. బెండజోల్, కోనజోల్, నిడజోల్, ప్రజోల్ అని కాస్త వెనక్కు జరిగి పట్టుకుంటే జబ్బు తెలుస్తుంది. అక్కడా ఒక పొంచి ఉన్న గొయ్యి ఉంది: అరిపిప్రజోల్ మానసిక వ్యాధులకిచ్చే మందు. దాని తోక ఇంకాస్త పొడుగు, పిప్రజోల్.

స్టాటిన్లదీ ఇదే కథ. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ కొలెస్ట్రాల్ తగ్గిస్తాయి. నిస్టాటిన్ ఫంగస్ వల్ల వచ్చే నోటిపూతకు వాడే మందు. దాన్ని ఎలిజబెత్ హేజన్, రేచల్ బ్రౌన్ న్యూయార్క్ స్టేట్ ఆరోగ్య శాఖ ప్రయోగశాలల్లో పనిచేస్తూ కనిపెట్టారు. ఆ స్టేట్ పేరే మందుకు పెట్టారు. కొలెస్ట్రాల్ మందుల అసలు చివర వాస్టాటిన్ అని పట్టుకున్నవాడు ఈ గోతిలో పడడు.

రోజువారీ చివరలు

బ్యాంకు పరీక్షలవాళ్లు అర్, ఈ జంటను వదలకూడదు. చెక్కు రాసేవాడు డ్రాయర్, డబ్బు చెల్లించాల్సిన బ్యాంకు డ్రాయీ, పుచ్చుకునేవాడు పేయీ. కౌలుకిచ్చేవాడు లెస్సర్, తీసుకునేవాడు లెస్సీ. 'ఈ' వస్తే పని జరిగించుకునేవాడు అన్నమాట. ఎస్కేపీ మాత్రం తానే పారిపోయినవాడు, ఎవరూ పారిపోయేలా చెయ్యలేదు.

ఫుల్, లెస్‌లు నాకు నచ్చవు. కేర్‌ఫుల్, కేర్‌లెస్ చూసి అన్నీ జంటలే అనుకుంటాం. ప్రైస్‌లెస్ అంటే ధర లేనిది కాదు, వెల కట్టలేనిది. హెల్ప్‌ఫుల్ సాయపడేవాడు, హెల్ప్‌లెస్ దిక్కుతోచనివాడు. ఇలాంటివి జాబితాలో కాకుండా వాక్యాల్లో చదివితేనే ఒంటబడతాయి.

ఎవరికేది అంటారా? ఎస్‌ఎస్‌సీ, గ్రూప్స్‌వాళ్లు సైడ్, క్రసీ, ఆర్కీ ముందు పూర్తి చేసి, లజీ, ఫోబియాలకు ఒక్కో సాయంత్రం ఇస్తే చాలు. ఆ తర్వాతే తలల జోలికి వెళ్లొచ్చు. బ్యాంకులవాళ్లకు అర్, ఈ జంటతో మొదలు. ఫార్మసీ, నర్సింగ్ పిల్లలకు తోకలే పాఠం, తలలు తర్వాత చూసుకోవచ్చు. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకైతే రెండూ వద్దు, కథల పుస్తకాలు చాలు. నోట్సు రాసుకునేటప్పుడు ఒక్కో చివరకు ఒక్కో పేజీ కేటాయించి, మధ్యలో గీత గీసి, ఎడమవైపు మాట వినే పదాలు, కుడివైపు కోఇన్‌సైడ్, నిస్టాటిన్, గ్లాకోమా లాంటి మాట వినని పదాలు రాసుకోండి. పరీక్షకు ముందురోజు కుడివైపు మాత్రం చదివితే సరిపోతుంది.