ఏడు రోడ్ల సందులో నెట్ సెంటర్: పాస్‌పోర్ట్ స్కాన్‌కి కళ్లు మూసుకుని పోవచ్చు

మా తమ్ముడు న్యూయార్క్‌లో ఉంటాడు, ఆడ డ్రైవింగ్ లైసెన్స్ పనికి వాని పాత పాస్‌పోర్ట్, బర్త్ సర్టిఫికెట్ స్కాన్ చేసి పంపమంటే కడప ఏడు రోడ్ల దగ్గర సందులో ఉండే ఈ సెంటర్‌కి పోయినా. మెయిల్ పోయినాక ఆ అన్న నా ముందరే ఫైళ్లు డిలీట్ కొట్టి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, మెయిల్ లాగౌట్ అయిందో లేదో స్క్రీన్ నా పక్కకి తిప్పి చూపించినాడు. వంకరగా పడిన జిరాక్స్ కూడా నా చేతికే ఇచ్చినాడు, అడగకుండానే!

ముందు పోయిన ఇంకో సెంటర్‌లో కువైట్ పోయేవాళ్ల పాస్‌పోర్టులు, ఆధార్‌లు పేర్లతో సహా డెస్క్‌టాప్ నిండా పరిచి ఉన్నాయి, చూసి గుండె జల్లుమంది నాకు.

పరాయి దేశంలో ఉన్నోళ్లకు ఈ కాగితాలే ప్రాణం. న్యూయార్క్‌లో 2019లో గ్రీన్ లైట్ చట్టం తెచ్చినారు, వీసా పేపర్లు లేనోళ్లకు కూడా లైసెన్స్ ఇస్తారు, ఆ వివరాలు జడ్జి ఆర్డర్ గానీ వారెంట్ గానీ లేకుండా ఇమ్మిగ్రేషన్ వాళ్లకు ఇయ్యకూడదు, వాళ్లు అడిగితే మూడు రోజుల్లోగా ఆ మనిషికి చెప్పాల. ఆఫీసోళ్లు అడ్రస్ ఎవరికో ఇచ్చేస్తారని భయపడితే లైసెన్స్‌కి ఎవరు పోతారు చెప్పండి?

ఈ అన్న ఆధార్ కూడా మొదటి 8 అంకెలు కనపడకుండా మాస్క్‌డ్ కాపీ తీసిస్తాడు. సాయంత్రం రష్ ఎక్కువ, పొద్దున్నే పోండి.